గూడు తియ్యడం

మా ఇంట్లో ఎవరైనా "తియ్యాలి" అంటే మిగిలినవాళ్ళం ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాం. దేన్ని తియ్యాలి, ఎలా తియ్యాలి అని ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాకే కదులుతాం. కొత్తగా వచ్చిన చుట్టాలకి ఇదేం చాదస్తమో అర్థం కాదు. ఈ చాదస్తం తొంభైల్లో ఒక వేసవిలో, నర్సీపట్నంలో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో మొదలైంది.

మా ఆయనకి అక్కడ ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగం. ఇల్లంటే రెండు గదులూ, ఒక వంటిల్లూ, వెనక చిన్న వసారా. పెరడు మాత్రం ఇంటికి మూడింతలు. ఇంటివాళ్ళు వైజాగులో ఉండేవారు, దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. మందార, నందివర్ధనం, కరివేపాకు, రెండు జామచెట్లు, గోడవార ఒక జీడిమామిడి, వాటి మధ్య ఎవరూ నాటకుండానే మొలిచిన నానా రకాల గడ్డీ. ఆ పెరడు చూసి నాకు ఇల్లు నచ్చింది. మా ఆయనకి అద్దె నచ్చింది.

అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. ఈసారి నెల తప్పగానే డాక్టరమ్మ గట్టిగా చెప్పేసింది. మంచం దిగొద్దు, బరువెత్తొద్దు, వంగొద్దు, ఎక్కొద్దు. ఈ వద్దులన్నీ విన్న మా ఆయన ఆ ఆదివారమే రావికమతం బస్సెక్కి వాళ్ళమ్మని తీసుకొచ్చేశాడు.

మా అత్తయ్య పుట్టింది మొదలు పొలంలో పెరిగిన మనిషి. చేతులు ఊరికే ఉంటే ఆవిడకి తోచదు. నేను ఏదైనా అడగడమే ఆలస్యం, అయిపోయి ఉండేది. మంచినీళ్ళు అంటే గ్లాసు చేతిలో ఉండేది. మజ్జిగ అనుకుంటే చాలు, కవ్వం చప్పుడు వినిపించేది. "బేగి సేసెత్తాను, నువ్వు లెగకు" అన్నది ఆవిడ ఊతపదం. నేనేమో కోపం ముక్కుమీద పెట్టుకు తిరిగేదాన్ని. తిరగడం కుదరక పడుకున్నానేమో, ఆ కోపం ఇంకాస్త పెరిగింది. ఎవరూ ఏమీ అనకపోయినా ఏదో అన్నట్టే ఉండేది. అప్పట్లో నాతో వేగినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

మా ఆయన ఒక సాయంత్రం పాత కెమెరా ఒకటి పట్టుకొచ్చాడు. బజార్లో స్టూడియో నడిపే ఆయన కొత్తది కొనుక్కుని ఇది అమ్మేస్తుంటే తీసుకున్నాడట. బ్రొటనవేలితో రీలు తిప్పుకోవాలి, లెన్సు తిప్పితే దగ్గరవి కూడా బాగా కనిపిస్తాయి. "పెరట్లో నీకు నచ్చినవన్నీ మంచం మీంచే తీసుకో. నా మీద మాత్రం అరవకు" అన్నాడు. ఇంత తెలివైన పని ఆయన అంతకుముందెప్పుడూ చెయ్యలేదు, తర్వాత కూడా చేసినట్టు గుర్తులేదు.

నవారు మంచం వసారాలోకి మారింది. మధ్యాహ్నం కరెంటు పోయేది, ఊరంతా తలుపులేసుకునేది, చింతపల్లి వైపు వెళ్ళే బస్సు హారను ఒక్కటీ దూరంగా వినిపించేది. ఆ వేళలో పెరడంతా నాదే. గోడ మీద తొండ మెడ ఎర్రగా చేసుకుని తల ఊపేది. జీడిపండ్లు రాలిన చోటికి ఉడతలు వచ్చి ముక్కుతో వాసన చూసి, ఒక కొరుకు కొరికి, వగరుకి కాబోలు వదిలేసి పోయేవి. జెముడుకాకి గడ్డిలో నడుస్తుంటే ఎవరో పెద్దమనిషి పొలం చూసుకోవడానికి వచ్చినట్టుండేది. నేను కెమెరా కంటికి ఆనించుకుని ఊపిరి బిగబట్టేదాన్ని. రీలు అయిపోతే మళ్ళీ జీతం వచ్చేదాకా ఆగాలి కాబట్టి, ఒక్క బొమ్మ నొక్కడానికి పూటంతా ఆలోచించేదాన్ని. చూడడం ఎలాగో నాకు ఆ పిసినారితనమే నేర్పింది.

మా అత్తయ్యకి ఇదంతా వింతగా ఉండేది.

"అందులోంచి ఏటి సూత్తన్నావమ్మా?" అంది ఒకరోజు చేట పట్టుకుని వచ్చి.

"తొండనండీ అత్తయ్యా. ఫోటో."

"తొండ ఫోటో దిగుతాదా?"

"దిగుతుంది."

"దానికేటి, పెళ్ళా పేరంటమా?" అని నవ్వుకుంటూ పోయింది.

ఆవిడ లెక్కలో ఫోటో అనేది మనుషులు దిగేది. కొత్త చీర కట్టుకుని, తల దువ్వుకుని, స్టూడియోలో కుర్చీ పక్కన నిలబడి దిగేది. ఆవిడ మాత్రం ఎన్నడూ దిగలేదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పిందట. కడుపుతో ఉన్న నన్ను ఫోటోలోకి దించకూడదని మా ఆయన దగ్గర ఒట్టు కూడా వేయించుకుంది. ఇక "తియ్యడం" అన్నమాట ఆవిడకి వేరే పనులకి పనికొచ్చేది. కలుపు తియ్యడం, పేడ తియ్యడం, బూజు తియ్యడం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి దిష్టి తియ్యడం. ఆవిడ తీసిందంటే ఆ వస్తువు ఇక అక్కడ ఉండదు.

మా ఇద్దరికీ మొదట కరివేపాకు మొక్క దగ్గర పేచీ వచ్చింది. దాని మీద ఆకుపచ్చ గొంగళిపురుగులు పట్టాయి. అవి సీతాకోకచిలుకలు అవుతాయి, ఉంచమని నేను. ఆకు మిగల్చవు, తీసేస్తానని ఆవిడ.

"పురుగులికి పురుళ్ళు పోత్తన్నావేటే!" అంది. నేను మూతి ముడుచుకుని అన్నం తినడం మానేశాను. సాయంత్రానికి ఆవిడ వచ్చి మొక్క కొమ్మ ఒకటి పట్టుకుని, "ఇది నీది. నీ పురుగులన్నీ దీని మీదే ఉండాల. మిగతాయి నావి" అంది. తర్వాత చూస్తే, తన కొమ్మల మీది పురుగుల్ని ఆకుతో సహా పట్టుకొచ్చి నా కొమ్మ మీద పెడుతోంది. నన్ను చూసి ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడే ఆవిడ మీద నాకు ఇష్టం మొదలైంది, పైకి మాత్రం ఒప్పుకోలేదు.

ఎండలు ముదిరేసరికి మందారచెట్టుకి తేనెపిట్ట గూడు కట్టింది. చెట్టు కొమ్మల్లో ఒక్కటి మాత్రం మిగతా వాటికి దూరంగా, స్నానాల గదికి వెళ్ళే దారి మీదకి చాచుకుని ఉండేది. దాని చివర పీచూ, సాలెగూడు పోగులూ, ఎండిన బెరడు ముక్కలూ అతికించి, వేలాడే సంచిలా కట్టింది. తెలియనివాళ్ళు చూస్తే గాలికి చిక్కుకున్న చెత్త అనుకుంటారు. పక్కన చిన్న గుమ్మం, దాని మీద ఒక చూరు. ఆడపిట్ట లోపల కూర్చుంటే ముక్కు ఒక్కటే కనిపించేది. నా వేసవి అంతా ఆ ముక్కు దగ్గర ఆగిపోయింది.

గూడు గాలికి ఊగినప్పుడల్లా నా చెయ్యి పొట్ట మీదకి పోయేది. బి.ఏ. చదివినదాన్ని, ముహూర్తాలనీ శకునాలనీ నమ్మేవాళ్ళని వెక్కిరించినదాన్ని. అయినా ఎవరికీ చెప్పకుండా మనసులో ఒక మాట అనుకున్నాను. ఈ గూట్లో పిల్లలు ఎగిరిపోతే నా బిడ్డ కూడా క్షేమంగా బయటపడుతుంది. అనుకున్నాక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

పిల్లలు అయ్యాయి. తెల్లారకుండానే కిచకిచలు మొదలయ్యేవి. రీల్లో ఒక్క ఫోటో మిగిలింది. తల్లి వచ్చి పిల్లల నోట్లో పెడుతున్న బొమ్మ కోసం దాన్ని దాచాను. ఒక సాయంత్రం రెండు ముక్కులు గుమ్మంలోంచి బయటికి పొడుచుకొచ్చి కనిపించాయి. ఇక ఆలస్యం చేస్తే ఎగిరిపోతాయని నా కంగారు. వంటింట్లో చింతపండు పిసుకుతున్న అత్తయ్యకి వినిపించేలా అన్నాను:

"ఇంక ఆగకూడదత్తయ్యా, రేపు పొద్దున్నే ఆ గూడు తియ్యాలి. ఎండెక్కితే కుదరదు. మంచం మీంచి అందదు, స్టూలేసుకుని ఎక్కైనా సరే తీసేస్తాను."

"నువ్వు స్టూలెక్కుతావా?" అంది ఆవిడ. గొంతులో భయం నాకు తెలుస్తూనే ఉంది.

"ఒక్క నిమిషమే" అన్నాను.

ఆవిడ చింతపండు గిన్నె పక్కన పెట్టి, గుమ్మంలోకి వచ్చి మందారచెట్టు వైపు చూసింది.

పొద్దున్న లేచి, కెమెరా మెడలో వేసుకుని వసారాలోకి వచ్చాను. మందారచెట్టు దగ్గర ఏదో తేడాగా ఉంది. దారి మీదకి చాచుకున్న కొమ్మ లేదు. అది ఉండాల్సిన చోట తేనెపిట్టలు రెండూ అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. మగపిట్ట ఖాళీ గాల్లో ఒకేచోట రెక్కలాడించి, దిగడానికి ఏమీ లేక మళ్ళీ తీగ మీదకి పోతోంది. 

"తీసీసేనమ్మా" అంది అత్తయ్య, చీపురు పక్కన పెట్టి. మొహంలో ఎంత సంతోషమో. "నువ్వు స్టూలెక్కీసేవంటే ఏటవుతాదోనని రాత్రంతా నిద్దరనేదు. తెల్లారకుండానే దోటికి కొడవలి కట్టి కోసీసేను."

"ఏం తీశారు?"

"గూడే. దారికడ్డమనేమో అనుకున్నేను. నువ్వే కదా తియ్యాలన్నావు?"

"ఫోటో అత్తయ్యా! ఫోటో తియ్యాలన్నాను!"

ఆవిడకి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ మొహం చూసి ఇంకెవరైనా ఆగేవారు, నేను ఆగలేదు. ఒంటికాలి మీద లేచాను. కలుపు పీకినట్టు పీకేశారన్నాను. మిమ్మల్ని ఎవరు తియ్యమన్నారన్నాను. పక్కింటివాళ్ళు గోడ దగ్గరికి వచ్చి నిలబడేదాకా అరిచాను. ఆ అరుపుల్లోనే ఏడుపు వచ్చేసి, ఎవరికీ చెప్పనిది కూడా బయటపడిపోయింది.

"అవి బతికితే నా బిడ్డ బతుకుతుందనుకున్నాను. ఇప్పుడింక ఏమవుతుంది?"

అత్తయ్య చేతులు చీరకొంగుకి తుడుచుకుంది. నెమ్మదిగా అంది:

"బతికే ఉన్నాయి. పిల్లలున్న గూడు పారీడానికి సేతులెలగ వొస్తాయి? నీళ్ళ గోలెం ఎనకాల నీడకి ఎట్టేను."

వెళ్ళి పట్టుకొచ్చింది. కొమ్మా, గూడూ, లోపల రెండు పిల్లలూ ఉన్నాయి. కొమ్మని చెట్టుకే పురికొసతో కట్టి చూసింది. మిగిలిన కొమ్మలు గుబురుగా ఉండడంతో గూడు ఆకుల్లో పడి, గుమ్మం మూసుకుపోయింది. పిట్టలు అటు చూడను కూడా లేదు. అవి పాత చోటే వెతుకుతున్నాయి. అప్పుడు ఆవిడ, తెల్లారకుండా కొమ్మ కోసిన ఆ పొడుగాటి దోటి చివరకే కొమ్మని కట్టింది. గోడకి ఆనించి చూసింది, గాలికి జారిపోయింది. నేలలో పాతబోయింది, ఎండకి బండబారిన నేల గడ్డపారకే లొంగదు. మా ఆయన అప్పటికే ఆఫీసు పని మీద యలమంచిలికి మొదటి బస్సు ఎక్కేశాడు. అత్తయ్య ఒకసారి గోడ దగ్గరున్న పక్కింటివాళ్ళని చూసి, "మీరు ఎల్లండమ్మా. జనాన్ని సూసి పిట్ట బెదురుతాది" అంది. తర్వాత దారి మధ్యలోకి వచ్చి, కొమ్మ ముందు ఎక్కడుండేదో సరిగ్గా అక్కడికి వచ్చేలా దోటి రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నిలబడిపోయింది.

"అత్తయ్యా, వద్దు" అన్నాను.

"నువ్వు మంచం మీద కూకో. కదలకు."

ఎండ గోడ దిగి పెరట్లోకి వచ్చింది. ఆవిడ కొంగు తల మీదకి లాక్కుంది, తర్వాత అది జారిపోయినా పట్టించుకోలేదు. పిట్టలు తీగ మీదకి వచ్చేవి, ఆవిణ్ణి చూసి పోయేవి. గూట్లో అరుపులు పెరిగాయి. నేను నీళ్ళు తెస్తానంటే కళ్ళతోనే వద్దంది. దోటి చివర గూడు మాత్రం కదలడం లేదు. నాకు అప్పటికి కోపం ఎక్కడుందో తెలియలేదు. నా కోసం ఇలా నిలబడే మనిషి ఒకరు ఉన్నారని, ఇన్నాళ్ళూ నీళ్ళూ మజ్జిగా అందుకుంటూ కూడా నేను చూడలేదని, అదే అనుకుంటూ కూర్చున్నాను.

చాలాసేపటికి ఆడపిట్ట తీగ మీంచి జామకొమ్మ మీదకి, అక్కణ్ణించి మందార మీదకి వచ్చింది. నోట్లో ఏదో పురుగు ఉంది. నేను కెమెరా ఎత్తాను. చెయ్యి చెమటకి జారుతోంది. ఒక్కటే ఉంది రీల్లో. దోటికి కట్టాక గూటి గుమ్మం సరిగ్గా నా వైపే తిరిగి ఉంది, దాని మీద లెన్సు సరిచేసుకున్నాను. పిట్ట గాల్లో ఒకసారి ఆగి, గూటి గుమ్మాన్ని పట్టుకుని వేలాడింది. లోపల రెండు నోళ్ళూ తెరుచుకున్నాయి. ఆ వేసవంతా నేను ఎదురుచూసింది ఆ బొమ్మ కోసమే.

కానీ ఎందుకో కెమెరా కిందకి దింపాను. దోటి వెంట దింపుకుంటూ వెళ్ళి అత్తయ్య మొహం దగ్గర ఆపాను. నొక్కేశాను.

ఆవిడ దోటి మొదలు స్టూలు మీద ఆనించి సాయంత్రం దాకా పట్టుకునే ఉంది. మా ఆయన వచ్చి, నేల నీళ్ళతో నానబెట్టి, బట్టలారేసే దండెం రాట తెచ్చి అక్కడ పాతి, దోటిని దానికి బిగించి కట్టాడు. పిట్టలు రాకపోకలు సాగించాయి. ఆ రాత్రి అత్తయ్య భుజాలకి నేనే వేణ్ణీళ్ళ కాపడం పెట్టాను. మంచం మీంచి లేవకుండానే, ఆవిణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకుని. "నాకు సేవ సేయించుకోడం రాదే" అంటూనే నిద్రపోయింది. కొన్నాళ్ళకి పిల్లలు రెండూ ఎగిరిపోయాయి. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం, తియ్యడానికి రీలు లేదు. దసరాకి ముందు, వానల్లో, మా అమ్మాయి పుట్టింది. ఏడుపు వినగానే నాకు మందారచెట్టే గుర్తొచ్చింది.

రీలు కడిగించడానికి వెళ్ళిన మా ఆయన ఫోటోలతో తిరిగొచ్చి, "ఆఖరిది వేస్టయిందట. గూడు తియ్యబోయి మనిషిని తీసేశారు, ప్రింటు వెయ్యమంటారా అన్నాడు స్టూడియో ఆయన. వద్దన్నాను" అన్నాడు. ఉద్యోగం చేసి అలిసి వచ్చాడని కూడా చూడకుండా మర్నాడు మళ్ళీ పంపించాను. ఆ ప్రింటు చూసి అందరికంటే ఎక్కువ చిరాకు పడింది అత్తయ్యే.

"ఏటిది? పిట్టేదీ? ఎండలో అంతసేపు నిలబెట్టి, నన్ను తీసేవేటే?"

ఫోటోకి "తియ్యడం" అన్నమాట ఆవిడ నోట మొదటిసారి అప్పుడే విన్నాను. ఆయుష్షు సంగతి గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాను. ఆవిడ మాత్రం ఆ మాటే ఎత్తలేదు.

రెండువేల సంవత్సరం దాటాక అదే ఊళ్ళో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. ఇల్లు చిన్నదైనా పెరడు కావాలని పట్టుబట్టింది ఇద్దరం, నేనూ అత్తయ్యా. కరివేపాకు మొక్క వేశాం, అందులో ఒక కొమ్మ పురుగులకి. డిజిటల్ కెమెరా వచ్చింది. మా అమ్మాయి వేసవి సెలవుల్లో చెట్లెంట తిరిగి నొక్కినన్ని నొక్కేది, నచ్చనివి అక్కడికక్కడే చెరిపేసేది. ఒకసారి మెట్ల మీంచి "నాన్నమ్మా, గూడు తీస్తున్నా!" అని కేకేసింది. అత్తయ్య చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఒద్దే గుంటా! ఒగ్గెయ్!" అని అరిచింది. ఆవిడ మోకాళ్ళు అంత బేగి కదలడం నేను ఆ తర్వాత చూడలేదు. అందరం పడీపడీ నవ్వాం, ఆవిడ కూడా.

ఆ సెలవుల్లోనే మా అమ్మాయి "మా పెరటి పక్షులు" అని ఒక ఆల్బమ్ కూర్చింది. కొత్తవాటి ముందు నా పాత ఫోటోలు పెడతానని పెట్టె దించింది. ఒక్కొక్కటే అంటించి, కింద పేరు రాస్తోంది. జెముడుకాకి. గోరింక. మధ్యలో ఆగింది.

"అమ్మా, ఇందులో పిట్టే లేదు. నాన్నమ్మ ఉంది. తీసెయ్యనా?"

"వద్దు! తియ్యకు" అన్నాను, నాకు తెలియకుండానే గట్టిగా.

గుమ్మం దగ్గర ఒత్తులు చేసుకుంటున్న అత్తయ్య కిసుక్కున నవ్వింది. "ఇప్పుడు తెలిసిందా, తియ్యడమంటే ఏటో?" అని, ఫోటో ఇటు తెమ్మని చెయ్యి చాచింది. కళ్ళజోడు పైకి నెట్టి, దగ్గరగా పెట్టుకుని చూసింది. కొంగు జారిన తల, చెమట, పైకెత్తిన రెండు చేతులు, ఫోటో అంచు దగ్గర తెగిపోయిన దోటి. పైకి చూస్తున్న ఆ మొహం నిండా నవ్వు. అంతకుముందూ ఆ తర్వాతా ఆవిడ అలా నవ్వగా నేను చూసింది ఇంకొక్కసారే, మా అమ్మాయిని చేతుల్లోకి తీసుకున్నప్పుడు.

"పిట్ట నేదని ఎవులన్నారే?" అంది మనవరాలితో. "నా మొహం సూడు. వొచ్చి వాలినట్టు తెల్డం నేదా?"

మా అమ్మాయి ఫోటో వెనక్కి తీసుకుని చాలాసేపు చూసింది.  జిగురు రాసి దాన్ని ఆల్బమ్‌లో జాగ్రత్తగా అంటించింది. కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: తేనెపిట్ట.